సిలిండర్ కింద తుప్పు రింగు, బాత్రూంలో తెల్ల గార: ఇల్లు ఖాళీ చేసేలోపు పోయే దారుందా?

నిజాంపేట టెనెంట్

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. నెలాఖరుకి ఖాళీ చేయాలి. మొన్న ఓనర్ అంకుల్, ఆంటీ వచ్చి ఇల్లంతా తిరిగి చూశారు. గోడల గురించి ఒక్క మాట కూడా అనలేదు. పెయింటింగ్ పేరుతో ఎలాగూ ఒక నెల అద్దె పట్టుకుంటారు కదా. కానీ నేల చూడగానే ఆంటీ మొహం మాడ్చుకున్నారు. "టైల్స్ పాడు చేశారమ్మా, మార్పించాలంటే ఎంతవుతుందో తెలుసా?" అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఏమేం మరకలున్నాయో చెబుతాను. వంటగది మూల సిలిండర్ పెట్టే చోట గోధుమ రంగు తుప్పు రింగు పడింది. టైల్ హాఫ్ వైట్ కావడంతో గుమ్మంలో నుంచే కనిపిస్తుంది. స్టవ్ గట్టు కింద టైల్స్ మధ్య జాయింట్లు పసుపుపచ్చగా అయిపోయాయి. సర్ఫ్ వేసి బ్రష్‌తో రుద్దితే పోకపోగా ఎర్రగా తేలాయి! బాత్రూం నేల మీద తెల్లటి పొర ఉంది. మాకు బోరు నీళ్లే వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్. జాలీ చుట్టూ మాత్రం ఆ తెలుపు ఇంకో రకంగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. దేవుడి మూల దీపాల నూనె జిడ్డు. హాల్లో మరక అంటూ ఏమీ లేదు గానీ ఎన్నిసార్లు తుడిచినా మసకగానే ఉంటుంది, అడుగులు పడతాయి.

వంట సోడాలో వెనిగర్ పోసే చిట్కా వీడియోలో చూసి చేశాను. బుస్సుమని పొంగింది, అంతే. నిమ్మచెక్కలూ అయ్యాయి. మా పనమ్మాయి "అక్కా, బండి మీద యాసిడ్ సీసా వస్తది, ఒక్కటి తీస్కోండి, అన్నీ పోతయి" అంటోంది. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు, నాకు భయం. నిజంగా యాసిడ్ తప్ప వేరే దారి లేదా?

మియాపూర్ బ్యాచిలర్

అక్కా, అంత ఆలోచించకండి. యాసిడ్ పోసి పది నిమిషాలు వదిలేసి నీళ్లు కొట్టండి, నేల అద్దంలా మెరుస్తుంది. మేం ఐదుగురం ఉన్న ఫ్లాట్‌కి అదే చేశాం, అడ్వాన్స్ మొత్తం వెనక్కి వచ్చింది. కిటికీలు తెరిచి పెట్టుకోండి చాలు.

బెజవాడ పిన్ని

ఆ సీసా జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. తమ్ముడికి అడ్వాన్స్ వచ్చిందంటే సంతోషం. ఆ ఇంట్లోకి తర్వాత దిగినవాళ్లు బాత్రూం గురించి ఏమనుకుంటున్నారో వాళ్లని అడగాలి.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. ఖాళీ అయిన ఇళ్లూ, గృహప్రవేశానికి ముందు కొత్త ఇళ్లూ కడిగి అప్పజెప్పే పని మాది. మా వీధి ఆడవాళ్లమే కలిసి చేస్తాం. మా సంచిలో యాసిడ్ ఉండదని చెప్పను, ఉంటుంది. కానీ అది ఆఖర్న బయటికి తీసే వస్తువు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మీరు రాసినవాటికి అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. కొన్ని టైల్ పైన పేరుకున్నవి, కొన్ని సందుల్లోకి ఇంకినవి, ఒకటి మాత్రం అసలు మరకే కాదేమోనని నాకు అనుమానం. దాని సంగతి తర్వాత.

సిలిండర్ రింగుతో మొదలుపెడదాం, ఎందుకంటే మేం అడుగుపెట్టిన ప్రతి అద్దె ఇంట్లోనూ అది ఉంటుంది. 14.2 కిలోల గ్యాస్ నిండిన సిలిండర్‌ని రోజూ ఎవరు జరుపుతారు? తడిగుడ్డ పెట్టినప్పుడల్లా దాని అడుగున ఉన్న ఇనుప చట్రం కింద నీళ్లు నిలుస్తాయి, తుప్పు దిగుతుంది. దగ్గరగా వంగి చూడండి, ఆ రింగు చుట్టూ ఒకేలా ఉండదు. గుడ్డ ఎక్కువగా తగిలే వైపు ముదురుగా, గోడ వైపు లేతగా ఉంటుంది. ముదురుగా ఉన్నచోట వేలితో తడిమితే సన్నగా గరుకు తగులుతుంది. ఆ గరుకు పైపొర, దాని కింద ఉన్నది అసలు మరక.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, అని అడగండి. రెండు చెంచాలు తీసుకుని ముద్దయ్యేంత నీళ్లు మాత్రమే కలపండి. రింగు మీద పరిచి, పైన తడిపిన టిష్యూ పేపర్, దాని మీద పాలిథిన్ కవర్ వేసి అంచుల్లో బరువు పెట్టండి. ఎండిపోకుండా ఉండటమే ముఖ్యం. మీరు నిమ్మచెక్కతో రుద్దినప్పుడు పోకపోవడానికి కారణం అదే, రుద్దిన ఐదు నిమిషాలకే ఆరిపోతుంది. రెండు మూడు గంటలు వదిలేయండి. కవర్ ఎత్తితే టిష్యూ పసుపుపచ్చగా మారి ఉంటుంది, తుప్పు అందులోకి వస్తోందన్న మాట. పాత టూత్‌బ్రష్‌తో తిప్పి, తుడిచి, మిగిలినచోట మళ్లీ వేయండి. అప్పటికీ లొంగకపోతే హార్డ్‌వేర్ షాపులోనో కెమికల్స్ అమ్మే షాపులోనో ఆగ్జాలిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది. తుప్పుకి దాన్ని మించింది లేదు. కాకపోతే అది విషం. గ్లవ్స్ వేసుకోవాలి, పొడి పైకి లేవకుండా తడిపి వాడాలి. మీ ఇంట్లో బాబు ఉన్నాడు కాబట్టి వాడు అమ్మమ్మ ఇంటికి వెళ్లిన రోజే ఆ ప్యాకెట్ విప్పండి, పని కాగానే మిగిలింది ఇంట్లో ఉంచకండి.

తుప్పు మీద బ్లీచింగ్ మాత్రం పోయకండి. తెల్లబడుతుందనుకుని పోస్తారు, తుప్పు ఇంకా ముదిరి కూర్చుంటుంది.

జాయింట్లలో పసుపు వేరే కథ. టైల్ మీద పసుపు ఎప్పుడూ నిలవదు, తడిగుడ్డతో పోతుంది. జాయింట్లలో ఉన్నది సిమెంటు, అది పీల్చుకుంటుంది. మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చుకోండి, 20 వాల్యూమ్ అంటే 6 శాతం. అందులో వంట సోడా కలిపి పేస్ట్ చేసి, జాయింట్ పొడవునా పూసి, కవర్ కప్పి అరగంట ఉంచండి. రుద్దేది ప్లాస్టిక్ బ్రష్‌తోనే. స్టీల్ పీచు వాడితే దాని ముక్కలు సందుల్లో ఇరుక్కుని వారం తిరిగేసరికి చిన్న చిన్న తుప్పు చుక్కలు లేస్తాయి. అప్పుడు మళ్లీ నిమ్మ ఉప్పు దగ్గరికి రావాలి. వంటగదికి ఎండ వస్తుంటే పేస్ట్ కడిగేశాక కిటికీ తెరిచి పెట్టండి, మిగిలిన పసుపుని ఎండే తినేస్తుంది. పసుపు అంటిన పాత చీర దండెం మీద ఎలా వెలిసిపోతుందో చూసే ఉంటారు.

దేవుడి మూల జిడ్డుకి బట్టల సోడా. వంట సోడా కాదు, బట్టలు ఉతికే సోడా. అర బకెట్ వేడి నీళ్లలో గుప్పెడు వేసి, ఆ నీళ్లలో ముంచిన గుడ్డని జిడ్డు మీద పరిచి పావుగంట వదిలేయండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, సోడా చర్మాన్ని కొరుకుతుంది. దీపపు మసి కూడా దాంతోనే వస్తుంది. ఇకమీదట కుంది కింద ఇత్తడి పళ్లెం పెట్టుకోండి, నేలకి నూనె దిగదు.

హాల్లో మసకకి మీరు ఏమీ కొననక్కర్లేదు. తెల్ల గుడ్డ ఒకటి మామూలు గోరువెచ్చటి నీళ్లలో తడిపి, ఒక్క టైల్ గట్టిగా తుడవండి. గుడ్డ నల్లగా, జిగటగా వస్తే అది ఫ్లోర్ క్లీనర్ పొరే. మూతతో కొలిచి వేయమని సీసా మీద రాసి ఉంటుంది, మనవాళ్లు వాసన రావాలని వంపేస్తారు. అది కడుక్కుపోదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది, అడుగులు దాని మీదే పడతాయి. ఏమీ కలపని వేడి నీళ్లతో తుడవండి, గదికో బకెట్ నీళ్లు మార్చండి. ఆ మసక దిగిపోయేదాకా ఫినాయిల్ సీసా అటక మీద పెట్టేయండి.

ఇప్పుడు బాత్రూం. దాని మీద ఒక పరీక్ష చేసి నాకు చెప్పండి. తెల్లగా ఉన్నచోట పాత బ్లేడుని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా గీకండి. ఒకసారి నేల మధ్యలో, ఒకసారి జాలీ పక్కన. పొడి రాలుతుందా లేదా అన్నదే నాకు కావాలి. తర్వాత రెండుచోట్లా నిమ్మ ఉప్పు నీళ్లు చుక్క వేసి సన్న బుడగలు వస్తాయేమో చూడండి. తడిపి చూసి పోయిందనుకోకండి, తడిలో అన్నీ పోయినట్టే కనిపిస్తాయి.

కెమిస్ట్రీ మాస్టారు

హనుమకొండ నుంచి. పిన్నిగారు చెప్పినవాటికి కారణాలు రెండు ముక్కల్లో రాస్తాను.

పసుపు ఎర్రబడటం చూసి భయపడకండి. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, సర్ఫ్‌లో ఉండేది క్షారమే. పదో తరగతి పిల్లల చేత పసుపు కాగితంతో మేం చేయించేది ఇదే. కడిగేస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. పారాణి కూడా పసుపూ సున్నమే కదా.

వంట సోడా, వెనిగర్ కలిపితే వచ్చే పొంగు కార్బన్ డయాక్సైడ్. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాక గిన్నెలో మిగిలేది కాస్త ఉప్పునీళ్ల లాంటిది. విడివిడిగా వాడితే రెండూ పనికొచ్చేవే, కలిపితే దేనికీ పనికిరావు. వీడియోలో మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

ఇక ముఖ్యమైనది. బాత్రూం క్లీనర్ సీసా తిప్పి చదవండి, చాలావాటి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్ గానీ ద్రవ రూపంలో దొరికే బ్లీచ్ గానీ దానితో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం యుద్ధంలో వదిలింది ఈ వాయువునే. గాలి కంటే బరువైనది కాబట్టి నేల దగ్గరే పరుచుకుంటుంది. బాత్రూం కడిగేవాళ్ల ముఖం ఉండేది కూడా నేల దగ్గరే. "ఇది పోయలేదు కదా, అది కూడా పోసి చూద్దాం" అనే ఆలోచన రానివ్వకండి. ఒకటి వాడాక బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, రెండోది మరో రోజు వాడండి.

బండి మీద సీసాల గురించి ఒక మాట. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ విడి అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొన్నవాళ్ల వివరాలు రాసుకోకుండా, ఫోటో గుర్తింపు కార్డు చూడకుండా అమ్మకూడదు. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసిన యాసిడ్ ఇంట్లో పసిబిడ్డ ఉండగా తేవడం అసలు మాట్లాడుకోవాల్సిన విషయమే కాదు.

తాండూరు బండల ఇల్లు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది వికారాబాద్ వైపు, ఇంట్లో టైల్స్ లేవు, తాండూరు బండలే. నీలం బండలు హాల్లో, పసుపు బండలు వరండాలో. మొన్న మా మనవరాలి పుట్టిన రోజుకి పకోడీ నూనె ఒలికి చారెడంత నల్ల మచ్చ పడింది. పిన్నిగారు చెప్పిన నిమ్మ ఉప్పు దాని మీద వేయొచ్చునా?

బెజవాడ పిన్ని

అయ్యో, వద్దు బాబాయిగారూ! చెప్పడం మర్చిపోతే చాలా ఇళ్లు పాడయ్యేవి, మీరు అడగడం మంచిదైంది.

తాండూరు బండ, షాబాద్ బండ, మా వైపు మాచర్ల బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్ల బండ, వీటన్నిటిలోనూ ఉన్నది సున్నపురాయి. పులుపు ఏది తగిలినా కొరికేస్తుంది. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, నిమ్మ ఉప్పు ఏదైనా సరే. మచ్చ పోతుంది, దానితోపాటు పాలిష్ పోయి అక్కడ తెల్లగా, గరుకుగా మిగులుతుంది. పాలరాయి కూడా అంతే. మజ్జిగ గ్లాసు ఒలికి అలాగే ఆరిన చోట గుండ్రటి మచ్చ మీ హాల్లో వెతికితే దొరుకుతుంది చూడండి.

మీ నూనె మచ్చని బయటికి లాగాలి. ముల్తానీ మట్టి ఉందా? దానిలో కాస్త బట్టల సోడా వేసి, నీళ్లతో అట్ల పిండి కంటే గట్టిగా కలిపి, మచ్చ కంటే అంగుళం ఎక్కువ మేర వేలి మందాన పూయండి. పైన కవర్ కప్పి ఒక రాత్రి ఉంచండి. పొద్దున కవర్ తీసేసి మట్టిని దానంతట అదే ఎండి పెచ్చులు లేచేదాకా వదిలేయండి. ఆరేటప్పుడే నూనెని పీలుస్తుంది, అందుకే తడిగా ఉండగానే తుడిచేస్తే పని జరగదు. పాత మచ్చ అయితే రెండు మూడు పట్లు పడుతుంది. కొత్తగా ఒలికినప్పుడైతే ఇంత కూడా అక్కర్లేదు, వెంటనే శనగపిండో గోధుమపిండో గుమ్మరించి గంట వదిలేస్తే సగం పైగా అదే తాగేస్తుంది. పొరపాటున కూడా తుడిచి వెడల్పు చేయకండి.

నిజాంపేట టెనెంట్

పిన్నీ, ఎంత ఓపికగా రాశారండీ. మాస్టారికి కూడా థ్యాంక్స్. బ్లేడ్ పరీక్ష చేశాను. నేల మధ్యలో గీకితే తెల్ల పొడి రాలింది, నిమ్మ ఉప్పు నీళ్లు వేస్తే చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించేంత సన్నగా చిటపటలాడింది. జాలీ పక్కన మాత్రం పొడీ లేదు, బుడగా లేదు. వేలితో రాస్తే చుట్టుపక్కల టైల్ నున్నగా ఉంది, అక్కడ మాత్రం సన్న గరుకు కాగితంలా ఉంది. జాలీ స్టీల్‌దే, దానికి కూడా తుప్పు పట్టి ఉంది. మేం దిగినప్పటి నుంచి అంతే.

బెజవాడ పిన్ని

అనుకున్నదే అయింది. మధ్యలో ఉన్నది గార, అంటే బోరు నీళ్లు ఆరిపోయాక మిగిలే సున్నపు పొర. జాలీ పక్కన ఉన్నది మరక కాదు, టైల్ మీద మెరుపు పూతని యాసిడ్ తినేసిన గుర్తు. మీ కంటే ముందున్నవాళ్లో, ఇల్లు కట్టినప్పుడు సిమెంటు మరకలు కడిగినవాళ్లో చేసిన నిర్వాకం అది. యాసిడ్ నేరుగా పోసి వదిలేస్తే వాలు ఎటుంటే అటు పారి జాలీ దగ్గర చేరుతుంది, అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. స్టీల్ జాలీ తుప్పు పట్టడమే మీకు సాక్ష్యం. మంచి స్టీల్ నీళ్లకి అలా కాదు. యాసిడ్ ఆవిరి తగిలితే జాలీలు, కుళాయిలు, తలుపు గొళ్లాలు అన్నీ మచ్చలు తేలతాయి. యాసిడ్‌తో కడిగిన నెలకి "కుళాయి నాసిరకంది వేశారు" అని ప్లంబర్‌ని తిట్టే ఇళ్లు నాకు చాలా తెలుసు.

ఆ చోటు మీద ఇంక ఏ మందూ వేయకండి. కడిగితే పోయేది అక్కడ లేదు. ఎంత కడిగితే అంత ఎక్కువ మురికి పట్టుకుంటుంది, ఎందుకంటే పూత పోయిన టైల్ జాయింట్ సిమెంటులాగే నీళ్లు పీలుస్తుంది.

గారకి వద్దాం. ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. ముందు మామూలు నీళ్లతో నేలంతా, ముఖ్యంగా జాయింట్లు, బాగా తడపండి. సందుల్లో ముందే నీళ్లు నిండి ఉంటే పులుపు లోపలికి దిగదు, పైన ఉన్న గార మీదే పనిచేస్తుంది. పొడి నేల మీద నేరుగా పోస్తే జాయింట్ సిమెంటు తాగేసి గుల్లబారుతుంది. తర్వాత లీటరు వేడి నీళ్లకి నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పోసి, బ్రష్‌తో తిప్పుతూ ఇరవై నిమిషాలు తడి ఆరకుండా చూడండి. మందంగా ఉన్న చోట తడి గుడ్డ పరవండి. తర్వాత ధారాళంగా నీళ్లు, ఆఖరున చెంచాడు బట్టల సోడా కలిపిన ఒక మగ్గు, మళ్లీ నీళ్లు. వైపర్‌తో లాగేయండి.

బోరు నీళ్లున్నంత కాలం గార వస్తూనే ఉంటుంది. తాగే నీళ్లకి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు) హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సరిపెట్టుకోమంటుంది. మన అపార్ట్‌మెంట్ బోర్లు కొన్ని దాన్ని కూడా దాటేస్తాయి. స్నానం అయ్యాక ఒక్కసారి వైపర్ లాగడమే దీనికి మందు. నీళ్లు ఆరిపోతేనే గార, లాగేస్తే లేదు.

ఇంకో మాట. దిగినప్పుడు ఇల్లు ఫోటోలో వీడియోలో తీసి ఉంటే వెతకండి. ఆ జాలీ కనిపిస్తే మీ పని సులువవుతుంది.

టైల్స్ మేస్త్రి

పిన్నిగారు చెప్పింది కరెక్టే. నాది టైల్స్ వేసే పని, రాజమండ్రి. ఓనర్లు "మార్పించాలి" అంటారు గానీ అది అంత తేలిక కాదు, మేడం. టైల్ బాక్స్ మీద షేడ్ నంబర్ ఉంటుంది. టైల్స్ తయారయ్యే గుజరాత్ మోర్బీలో అదే కంపెనీ అదే డిజైన్ మళ్లీ చేసినా ఈసారి షేడ్ వేరుగా వస్తుంది. పాతవాటి మధ్య కొత్త టైల్ పెడితే దూరం నుంచే తెలిసిపోతుంది. పగలగొట్టేటప్పుడు పక్క టైల్ అంచు లేస్తుంది, బాత్రూం అయితే కింద వాటర్‌ప్రూఫింగ్ కూడా దెబ్బతింటుంది. అందుకే ఇల్లు కట్టుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది, రెండు బాక్సులు మిగుల్చుకోండి అని.

మీ వంటగది, హాల్ టైల్స్ విట్రిఫైడ్ అయి ఉంటాయి. అవి నీళ్లు పీల్చేది అర శాతం లోపే. అందుకే తుప్పు అయినా పసుపైనా ఒళ్లంతా దిగదు, పై మీదే ఉంటుంది, మందు వేస్తే వస్తుంది. బాత్రూం గోడలకి వేసే సిరామిక్ టైల్ లోపలి మట్టి పది శాతానికి పైగా పీలుస్తుంది. అక్కడ పైనున్న పూతే దిక్కు. అది పోతే టైల్ పోయినట్టే.

జాయింట్లు మరీ నల్లబడితే మార్పించుకోవచ్చు, టైల్ ముట్టుకోకుండానే. పైన రెండు మూడు మిల్లీమీటర్లు గీకి కొత్త గ్రౌట్, అంటే జాయింట్లలో వేసే సిమెంటు, నింపుతాం. డబ్బు పెట్టగలిగితే వంటగదికి ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు రెసిన్ జిగురుతో చేసేది) వేయించుకోండి, పసుపు పీల్చదు. కానీ వేసినవాడు అదే రోజు టైల్ మీది జిగురు శుభ్రంగా తుడిచి వెళ్లాలి, పక్కనే నిలబడి చూసుకోండి. గట్టిపడ్డాక అది వదలదు, "కొత్త టైల్స్ మీద మసక ఏంటి" అని మళ్లీ ఇక్కడే పోస్ట్ పెట్టాల్సి వస్తుంది.

మియాపూర్ బ్యాచిలర్

మా పాత ఫ్లాట్ బాత్రూం కుళాయికి మచ్చలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైంది.

నిజాంపేట టెనెంట్

అప్‌డేట్. బాబుని మా అమ్మ దగ్గర వదిలి పని పెట్టుకున్నాం. రింగు పోయింది! మొదటి పట్టుకి లేత వైపు, రెండో పట్టుకి ముదురు వైపు. ఆగ్జాలిక్ దాకా వెళ్లలేదు. రింగు జాయింట్‌ని దాటిన చోట మాత్రం రెండు అంగుళాల మేర గోధుమ రంగు గీత ఉండిపోయింది. పసుపు జాయింట్లు ముప్పావు వంతు తెల్లబడ్డాయి, కిటికీ తెరిచి పెడుతున్నాను. హాల్ తుడిచిన నీళ్లు చూసి మావారు "ఇది మన ఇంట్లోదేనా" అన్నారు. ఒక మూల పౌడర్ రంగుతో వేసిన ముగ్గు మరక కూడా బయటపడింది, సంక్రాంతిది, అది కూడా పెరాక్సైడ్‌కే పోయింది.

ఇల్లు దిగిన రోజు మా తమ్ముడు తీసిన వీడియో దొరికింది. వాడు గీజర్ పనిచేస్తోందా అని చూపిస్తూ కెమెరా కిందికి దించాడు, జాలీ చుట్టూ తెల్లగా స్పష్టంగా ఉంది. అంకుల్‌కి వాట్సాప్‌లో పంపాను. కాసేపటికి "సరేనమ్మా, అది మీది కాదులే" అని రిప్లై వచ్చింది. ఆంటీ ఇంకా ఏమీ అనలేదు, తాళాలు ఇచ్చేటప్పుడు వస్తానన్నారు.

ఆ జాయింట్‌లో మిగిలిన గీతకి ఏం చేయాలి పిన్నీ? షాపులో గ్రౌట్ పెన్ అని తెల్లటిది ఇచ్చాడు. పూసేయనా?

బెజవాడ పిన్ని

శభాష్! అంకుల్ ఒప్పుకున్నారంటే ఆంటీని కూడా ఆయనే ఒప్పిస్తారు.

పెన్ ఇప్పుడే పూయకండి. జాయింట్‌లో ఇంకా నిమ్మ ఉప్పు, తేమ ఉంటాయి, వాటి మీద పూస్తే వారంలో పొట్టు లేస్తుంది. మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగి, తర్వాత రెండు రోజులు ఆ మూల తడిగుడ్డ పెట్టకుండా ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఆ రెండు రోజులూ సిలిండర్ అక్కడ పెట్టొద్దు, చెక్క పీట ఉంటే దాని మీద పెట్టుకోండి. ఆరాక గీత మీద మాత్రమే కాకుండా ఆ టైల్ చుట్టూ నాలుగు జాయింట్లకీ పూయండి. ఒక్క రెండు అంగుళాలు తెల్లగా ఉంటే అదే మళ్లీ ఆంటీ కంట్లో పడుతుంది.